ఆ మాత్ర చేతిలో పెట్టిందెవరు?



మన సంఘంలో ఒక అబ్బాయి కానిస్టేబుల్ సెలక్షన్లకు రోజూ తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. మొన్న వాళ్ల నాన్న ఒక పొడి డబ్బా పట్టుకుని అబ్బాయితో కలిసి వచ్చాడు. "బలానికంట అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి" అన్నాడు. డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. అందులో ఏముందో అడగలేదు.

ఆ రాత్రి ఎప్పుడో చదివిన తూర్పు జర్మనీ సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆ చిన్న దేశపు ఆడపిల్లలు ఈతలో 13 బంగారు పతకాలకు 11 గెలిచారు. లోకం ముక్కున వేలేసుకుంది. బెర్లిన్ గోడ కూలాక ప్రభుత్వ కాగితాల్లో అసలు సంగతి బయటపడింది. క్రీడా పాఠశాలల పిల్లలకు కోచ్‌లు, డాక్టర్లు నీలిరంగు మాత్రలిచ్చి విటమిన్లని చెప్పేవారు. అవి ఓరల్ ట్యూరినబాల్ అనే స్టెరాయిడ్లు, మగ హార్మోనులా పనిచేసే మందు. ఆడపిల్లల గొంతులు బొంగురుపోయాయి. కొందరికి కాలేయం చెడింది. 2000లో బెర్లిన్ కోర్టు ఆ దేశ క్రీడల పెద్ద మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషిగా తేల్చింది. శిక్ష 22 నెలలు, అదీ జైలు గడప తొక్కక్కర్లేకుండా.

"అందరినీ వాడుకోనిస్తే పోటీ సమానమైపోతుంది కదా" అనేవాళ్లున్నారు, చదువుకున్నవాళ్లే. నేను ఒప్పుకోను. అందరూ వాడే మైదానంలో వద్దన్న పిల్లకు చోటెక్కడ?

పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో జెట్టి గురించి, ఆట నియమం గురించి చెప్పిన మాట మీకు తెలుసు. దాని మీద ఎన్నోసార్లు ప్రసంగించాను. ప్రతిసారీ ఆడేవాణ్నే నిలదీశాను. పక్కన నిలబడి మాత్ర అందించేవాడి ఊసే ఎత్తలేదు. ఆడేవాడిది తప్పు కాదని కాదు. 1988 సియోల్‌లో బెన్ జాన్సన్ పతకం లాక్కోవడం న్యాయమే. కానీ పెద్దవాళ్లు ఇచ్చారని నమ్మి నోరు తెరిచిన పిల్లను అదే తక్కెడలో పెట్టగలమా?

ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్లి డబ్బా చూపించమన్నాను. అప్పటికే సగం అయిపోయింది. ఎక్కడ తయారైందో కూడా దాని మీద లేదు. డాక్టరుకు చూపించేదాకా వాడొద్దన్నాను.

"మరి మీరే ప్రార్థన చేశారు కదా అయ్యగారూ" అన్నాడు తండ్రి.