ఆటలో మూడవ పక్షం

ఏ ఆటకైనా రెండు పక్షాలుంటాయని చిన్నపిల్లవాడు సైతం చెప్పగలడు. కాని ప్రతి ఆటకూ మూడవ పక్షం కూడా ఒకటున్నది. అది బరిలోకి దిగదు, బహుమతి పుచ్చుకోదు. అయినా గెలుపుకు ఆటగాడితో సమానంగా పొంగిపోతుంది, ఓటమికి ఆటగాడికంటె ఎక్కువ రోజులు బాధపడుతుంది. అదే ప్రేక్షకలోకం. వేతనాల విషయమై ఆటగాళ్ళకూ నిర్వాహకులకూ తగవు వచ్చినప్పుడు గాని, ఆట నియమాలను మార్చబూనినప్పుడు గాని ఈ మూడవ పక్షాన్ని పిలిచి అభిప్రాయం అడిగినవారు అరుదు. ఇది న్యాయమా అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం.

మొన్నటి సంక్రాంతికి మన చీమకుర్తికి సమీపంలోని ఒక గ్రామంలో చెడుగుడు పోటీలు చూడబోయాను. ఆఖరి పందెంలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. కూతకు వెళ్ళిన కుర్రవాడు ఎవరినీ తాకకుండానే పక్క గీత దాటి లాబీలో కాలు పెట్టాడు. అతణ్ణి పట్టబోయిన ముగ్గురు అతని వెంటే గీత దాటారు. టెలివిజన్‌లో ఆట చూసి పెరిగిన యువకులు "కూతకు వచ్చినవాడొక్కడే అవుట్" అన్నారు. ఒకప్పుడు ఆడిన పెద్దలు "దాటినవాళ్ళందరూ అవుట్" అన్నారు. అంపైరు మొదట ఒక మాట, పిమ్మట ఒక మాట చెప్పాడు. ఏ నియమం ప్రకారం ఆడిస్తున్నారో ఎక్కడా వ్రాసిలేదు. అరగంట సేపు మైకులో వాదోపవాదాలు సాగాయి. చీకటి పడింది. జనం ఒక్కొక్కరే తుండుగుడ్డలు దులుపుకొని లేచిపోయారు. నా ప్రక్కన కూర్చున్న ఒక వృద్ధుడు, గ్రానైటు క్వారీలో పనిచేసి వచ్చినవాడు, లేస్తూ అన్నాడు: "ఎవరు గెలిస్తే నాకేం సార్? ఆట పూర్తవుతుందనుకుని వచ్చాను."

ఇది పల్లెటూరి అవకతవక అని తీసిపారవేయడానికి వీలులేదు. 2023 అక్టోబరు 7వ తేదీన చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో ఏషియన్ క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్‌లో భారత్, ఇరాన్ జట్లు 28-28తో సమానంగా ఉన్నాయి. ఇక నిమిషం పైచిలుకు ఆట మాత్రమే మిగిలింది. మన నాయకుడు పవన్ సెహ్రావత్ కూతకు వెళ్ళి ఎవరినీ తాకకుండా లాబీలోకి పోయాడు. ఇరాన్ ఆటగాళ్ళు అతని వెంట పడ్డారు. పాత అంతర్జాతీయ నియమం ప్రకారం వారందరూ అవుటు. ప్రో కబడ్డీ లీగ్‌లో అలవాటైన కొత్త నియమం ప్రకారం కూతకు వెళ్ళినవాడొక్కడే అవుటు. నిర్ణయం ఒకసారి ఇటు, ఒకసారి అటు మారింది. సుమారు గంటసేపు ఆట నిలిచిపోయింది. చివరకు 33-29తో స్వర్ణపతకం మనకే దక్కింది. సంతోషమే! కాని ఆనాడు ఆ ఆట చూస్తున్న వారికి, భారతీయులకు గాని ఇరానీయులకు గాని, గెలుపోటముల నిర్ణయం బరిలో కాక అధికారుల బల్లవద్ద జరిగిందన్న చేదు మిగిలింది. పల్లెలో మనం చూసిన తగవూ, ఖండస్థాయిలో జరిగిన తగవూ ఒక్కటే.

అయితే నియమాలు మార్చనే కూడదని నా వాదం కాదు. ఆట నియమాలు వేదవాక్యాలు కావు. కబడ్డీకి నియమాలను కూర్చే ప్రయత్నం 1918లో మహారాష్ట్రంలో మొదలైంది. 1923లో బరోడాలో ఆ నియమాలు సంస్కరణ పొందాయి. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంలో ఈ ఆటను ప్రదర్శించారు. 1950లో అఖిల భారత సమాఖ్య వెలసింది. 1990లో బీజింగ్ ఏషియన్ క్రీడలలో కబడ్డీ పతకాల ఆట అయింది. ప్రతి మెట్టులోనూ ఏదో ఒక నియమం మారుతూనే వచ్చింది. చచ్చినవాడు తిరిగి బ్రతికే సంజీవని పద్ధతి నిలిచింది. చచ్చినవాడు ఇక బ్రతకని గామిని పద్ధతి వెనుకబడింది.

2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగ్ మరి కొన్ని మార్పులకు ప్రచారం తెచ్చింది. కూతకు ముప్పది సెకన్ల గడువు పెట్టింది. వరుసగా రెండు కూతలు వృథా అయితే మూడవదానిలో తేల్చుకోక తప్పదన్నది. మన పెద్దలకు ఇందులో ఒక బాధ ఉన్నది. వారి కాలంలో కూతకు కొలత ఊపిరి. దమ్మున్నంత సేపు ఆట. "దమ్" అంటే ఫారసీలో ఊపిరి. తెలుగులో "దమ్ము" ధైర్యమై కూర్చున్నది. రెండర్థాలూ కలిసిన చోటు చెడుగుడు బరి. ఇప్పుడు ఊపిరి స్థానంలో గడియారం వచ్చింది. అయినా ఈ మార్పులవల్లనే లక్షలాదిమంది ఈ ఆటవైపు తిరిగి చూశారన్నది కాదనలేని సత్యం. 2014 వేలంలో అత్యధిక ధర పలికిన రాకేశ్ కుమార్‌కు దక్కింది 12 లక్షల 80 వేల రూపాయలు. 2023లో మన తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌కు చెల్లించ సిద్ధపడింది 2 కోట్ల 60 లక్షలకు పైగా. రైతుబిడ్డలు ఆడే ఆటకు ఈ విలువ రావడం మనకు గర్వకారణం.

ఇక వేతనాల తగవుల సంగతి. ఆటగాడు జీతం కోసం తగవు పెట్టుకుంటే "డబ్బు మనిషి" అని నిందించడం మనలో కొందరికి అలవాటు. ఈ నింద అన్యాయం. 1977లో ఆస్ట్రేలియా వ్యాపారి కెర్రీ ప్యాకర్ క్రికెట్ ఆటగాళ్ళకు ఎక్కువ వేతనమిచ్చి వేరే పోటీలు నడిపినప్పుడు, అధికార సంస్థలు వారిని బహిష్కరించబోయాయి. అదే సంవత్సరం నవంబరులో లండన్ హైకోర్టు ఆ బహిష్కారం చెల్లదని తీర్పు చెప్పింది. ఈనాడు మనం చూసే దీపాల వెలుతురులోని ఆట, తెల్ల బంతి, రంగు దుస్తులు ఆ తగవు పుణ్యమాని వ్యాప్తి చెందినవే. 1989లో అమెరికాలో ప్రదర్శన పోటీలు ఆడినందుకు కపిల్ దేవ్, వెంగ్‌సర్కార్, మన హైదరాబాదు అజారుద్దీన్ మొదలైనవారిని మన క్రికెట్ బోర్డు ఒక ఏడాదిపాటు నిషేధించింది. ఆ నిషేధం నిలవలేదు. మరుసటి సంవత్సరమే అజారుద్దీన్ భారత జట్టుకు నాయకుడైనాడు. చెమటోడ్చినవాడు తన కూలి అడగడం నేరం కాదు.

మరి ప్రేక్షకుని ఫిర్యాదు ఏమిటి? గుంటూరు మిర్చి యార్డును చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. హమాలీలకూ వ్యాపారులకూ కూలిరేట్లపై తగవు వచ్చి కాటాలు ఆగితే, హమాలీ కోరిక న్యాయమైనదే కావచ్చు, వ్యాపారి లెక్కలోనూ కొంత నిజముండవచ్చు. కాని ఆ రెండు పక్షాల నడుమ ఎండలో టిక్కీల ప్రక్కన కూర్చున్న రైతును ఎవరడిగారు? ఆటలో ప్రేక్షకుని స్థితి సరిగ్గా అదే.

అమెరికా వారి బేస్‌బాల్, మన బిళ్ళంగోడుకు దూరపు చుట్టమనదగిన ఆట, ఈ విషయంలో మంచి పాఠం చెబుతున్నది. జీతాలకు గరిష్ఠ పరిమితి విధించాలని యజమానులు పట్టుబట్టగా, 1994 ఆగస్టు 12న ఆటగాళ్ళు సమ్మె చేశారు. 232 రోజులు ఆట లేదు. రెండు ప్రపంచయుద్ధాల కాలంలోనూ ఆగని వారి వార్షిక తుది పోటీ ఆ సంవత్సరం రద్దయింది. 1995లో ఆట తిరిగి మొదలైనప్పుడు ఒక్కొక్క పోటీకి వచ్చే జనం సుమారు అయిదవవంతు తగ్గిపోయారు. రెండు పక్షాలూ రాజీపడ్డాయి గాని మూడవ పక్షం అలిగింది. అదే దేశంలో 2023లో బంతి విసరడానికి గడియారం పెట్టారు. ఆ మార్పును ముందుగా చిన్న స్థాయి పోటీలలో పరీక్షించారు; ఋతువు మొదలు కావడానికి నెలల ముందే ప్రకటించారు. ఆట సమయం ఇరవై నిమిషాలకు పైగా తగ్గింది. ఆ ఏడు మైదానాలకు వచ్చినవారి సంఖ్య ఏడు కోట్లు దాటింది. దీనినిబట్టి తేలేదేమి? ప్రేక్షకుడు మార్పుకు శత్రువు కాడు. తనను లెక్కలోనికి తీసుకోనివారికే శత్రువు.

మన కబడ్డీకి పట్టిన మరొక పీడ నిర్వాహకుల తగవు. జాతీయ సమాఖ్య ఎన్నికల వ్యవహారం న్యాయస్థానానికెక్కి, 2018లో ఢిల్లీ హైకోర్టు దాని నిర్వహణకు ఒక అధికారిని నియమించవలసి వచ్చింది. ఆ చిక్కు ఏళ్ళ తరబడి నడిచి, అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్య గుర్తింపును నిలిపివేసేదాకా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కల్పించుకొని, ఎన్నికైన కార్యవర్గానికి బాధ్యత అప్పగించమని ఆదేశిస్తే తప్ప మన జట్టు ఇరాన్‌లో జరిగే ఏషియన్ పోటీలకు పోయే దారి తెరుచుకోలేదు. ఆట పుట్టిన దేశానికి ఇది శోభస్కరం కాదు.

మన ఇళ్ళలో ఏ శుభకార్యమైనా పెద్దలు నలుగురూ కూర్చుని మష్వరా చేయనిదే ముందుకు సాగదు. పందిరి క్రింద కూర్చోబోయేవారి మాట కూడా అందులో ఉంటుంది. ఆటకు ఆ పాటి మర్యాద చేయలేమా? నా సూచనలు మూడు. మార్పు ఏదైనా చిన్న పోటీలలో పరీక్షించి, ఋతువు ఆరంభానికి ముందే ప్రకటించాలి, నడుమ మార్చరాదు. జరుగబోయే పోటీకి ఏ నియమావళి వర్తిస్తుందో వ్రాతపూర్వకంగా అందరికీ తెలియజేయాలి. వేతనాల తగవు వస్తే నిర్వాహకులు ముందుగా రాబడి లెక్కలు బయటపెట్టి, గడువు విధించి మధ్యవర్తికి అప్పగించాలి. సమ్మె ఆటగాని చివరి ఆయుధంగా ఉండాలే గాని, మొదటి అవసరంగా మారే దుస్థితి రాకూడదు.

విద్యార్థి మిత్రులారా, కళాశాల కార్యవర్గ పెద్దలారా! ఇవి ఢిల్లీకో, ముంబయికో చెప్పే మాటలు మాత్రమే కావు. వార్షిక క్రీడోత్సవానికి ముందు ప్రతి ఆట నియమాలనూ ఒక్క కాగితంపై తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించి నోటీసుబోర్డుపై అంటించండి. ఆ కాగితం క్రింద ఇరుజట్ల నాయకుల సంతకాలు తీసుకోండి. అంతర కళాశాల పోటీలకు పోయే విద్యార్థికి దారిబత్తెం, ఫలహారం ఖర్చు బయలుదేరకముందే చేతికివ్వండి. ఏ కళాశాలలోనైనా వేతన తగవు ఆ చిన్న మొత్తంలోనే మొలకెత్తుతుంది. క్రీడాసంఘంలో ఆట ఆడని విద్యార్థులకు కూడా ఇద్దరికి చోటు కల్పించండి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

వచ్చే సంక్రాంతికి ఆ గ్రామంలో మళ్ళీ చెడుగుడు పోటీలు జరుగుతాయని విన్నాను. నేను తప్పక పోతాను. ఆ వృద్ధుడు వస్తాడో రాడో మాత్రం చెప్పలేను.