కారు కీళ్ళ నొప్పులు

కిందటి సంచికలో బ్రేకు ప్యాడ్ల గురించి రాశాక ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒకే ప్రశ్న అడిగారు: "స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు చక్రం దగ్గర టక్ టక్ మంటోందండీ, ఏమిటది?" అని. అందుకని ఈ నెల శీర్షిక కారు కీళ్ళకే కేటాయిస్తున్నాం. వారమంతా ఆసుపత్రిలో మనుషుల కీళ్ళు, ఆదివారం కారు కీళ్ళు. మాకైతే పెద్ద తేడా కనిపించదు, కారు రాత్రిళ్ళు ఫోను చెయ్యదన్న మాటే గాని.

ముందు చక్రాలే బండిని లాగే పద్ధతి ఈ దేశంలో 1959లో మినీ కారుతో ఇంటింటికీ చేరింది. మన వైపు అంబాసిడర్‌ను వెనక చక్రాలు తోసేవి. 1983లో మారుతి 800 వచ్చాకే మనలో చాలామంది ముందు చక్రాల బండి ఎక్కాం. ముందు చక్రానికి రెండు పనులు: తిరగాలి, పక్కకు మళ్ళాలి కూడాను. అందుకే డ్రైవ్‌షాఫ్టుకు రెండు కొసలా కీళ్ళుంటాయి. బయటి కీలులో మామూలుగా ఆరు ఉక్కు గుండ్లు, చుట్టూ గ్రీజు, పైన ముడతల రబ్బరు బూటు. ఇక్కడివాళ్ళు దాన్ని గైటర్ అంటారు. మోకాలి చుట్టూ పొర, లోపల జిగురు ద్రవం ఉన్నట్టే అన్నమాట. పొర చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుక, నీళ్ళు లోపలికి పోతాయి. అరిగిన మృదులాస్థి మళ్ళీ పెరగదు, అరిగిన ఉక్కూ అంతే.

చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు మరకలు కనిపిస్తే బూటు చిరిగిందని అర్థం. మలుపులో టక్ టక్ మంటే బయటి కీలు అరిగింది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే లోపలి కీలును అనుమానించాలి. శబ్దం లేకుండా, గ్రీజులో గరుకు లేకుండా ఉంటే కొత్త బూటు, కొత్త గ్రీజు చాలు. మా కారుకు ఒక గారేజీ వారు రెండు షాఫ్టులూ మార్చాలన్నారు. విప్పి చూస్తే చిరిగింది ఒక బూటే, కీలు నిక్షేపంలా ఉంది. ఆలస్యం మాత్రం చెయ్యకండి. 2018 మే నుంచి ఎం.ఓ.టి. పరీక్షలో లోపాలకు తరగతులు పెట్టారు. మట్టిని ఆపలేనంతగా చిరిగిన బూటు 'మేజర్' కిందికి వస్తుంది, అంటే ఫెయిలే.

బూటు చిరిగిన బండి కుంటుతూ కొన్నాళ్ళు నడుస్తుంది. కింది ఆర్మ్ చివరనుండే బాల్ జాయింట్ ఊడితే అలా కాదు. చక్రం పక్కకు మడిచిపోయి బండి రోడ్డు మీద కూలబడుతుంది. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని మోటర్‌వే మీద డెబ్బై మైళ్ళ వేగంతో పోయేవాళ్ళం మనం. కాబట్టి గుంతలో పడ్డప్పుడల్లా ముందు నుంచి ధడ్ మంటుంటే వాయిదా వెయ్యకండి. చక్రం పైకెత్తి కిందా పైనా పట్టుకుని ఊపండి. కదిలితే బాల్ జాయింటో, బేరింగో. పక్కల పట్టుకుంటే కదిలేది సాధారణంగా ట్రాక్ రాడ్ కొస.

ఇక పని. హబ్ నట్టును చక్రం నేల మీద ఉండగానే వదులు చెయ్యాలి, గాలిలో ఉంటే లొంగదు. ఆ తర్వాత జాకీ, దాని వెంటనే యాక్సిల్ స్టాండ్లు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి చెయ్యి కూడా పెట్టకండి. నలిగిన ఛాతీని మళ్ళీ బిగించే పానా ఏ ఆసుపత్రిలోనూ లేదు. బాల్ జాయింట్ విడదీసి హబ్‌ను బయటికి లాగితే షాఫ్టు కొస వస్తుంది. రాకపోతే పాత నట్టును మరలు మూసేలా ఉంచి మెత్తటి సుత్తితో తట్టండి. ఏ.బి.ఎస్. తీగ, బ్రేకు గొట్టం సాగకుండా చూడండి. గేరుబాక్సు నుంచి షాఫ్టు లాగితే నూనె కారవచ్చు, ఒక పళ్ళెం పెట్టుకోండి. పోయినంత నూనె మళ్ళీ పొయ్యాలి.

మెకానిక్కులు కూడా తొందరలో వదిలేసే సంగతి ఒకటుంది. ఆర్మ్ వెనక రబ్బరు బుష్షుల బోల్టులను చక్రం వేలాడుతుండగా బిగించకూడదు. బరువు కిందికి దిగాక బిగించాలి. లేకుంటే రబ్బరు ఎప్పుడూ మెలికపడే ఉండి త్వరగా చిరుగుతుంది. హబ్ నట్టు కొత్తది వెయ్యాలి, మీ కారు పుస్తకంలో రాసిన లెక్కకే టార్క్ రెంచితో బిగించాలి. అంచనా పనికిరాదు.

స్ప్రింగుల జోలికి మాత్రం మేము పోము. చలికాలం ఉప్పుకు తుప్పు పట్టి విరుగుతాయి, నిజమే. కాని నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణం తీస్తుంది. అది గారేజీ పని. మార్చితే రెండు వైపులా మార్చమనండి. ఆర్మ్ మార్చాక ట్రాకింగ్ కూడా చూపించుకోండి, లేకపోతే కొత్త టైర్లు ఒక అంచున అరిగిపోతాయి.

ఇంటి దగ్గర పెద్దవాళ్ళు "డాక్టరై ఉండి కారు కింద దూరడమేమిట్రా" అంటారు. అననివ్వండి. టార్క్ రెంచి, బాల్ జాయింట్ ఊడదీసే పరికరం, నాలుగు స్టాండ్లు మా దగ్గర ఉన్నాయి. కావలసిన సభ్యులు వచ్చే సమావేశంలో అడిగి తీసుకోవచ్చు, గ్రీజు తుడిచి తిరిగి ఇస్తే చాలు.