ఓపెన్ సీటు ఎవడబ్బ సొత్తు?

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాడు మన పేటల్లో ఒకటే మాట. "మనకెక్కడొస్తాదిలెండి మేస్టారూ! ఎస్సీలకిచ్చేది వందకి పదిహేను. అందులో మన పిల్లెక్కడ?" కొబ్బరి దింపుకెళ్ళే తండ్రి ఈ మాటంటే అర్థం చేసుకుంటాం. బైపీసీ చెప్పే లెక్చరర్లు, ఇస్త్రీ చొక్కాల మన ఉద్యోగస్తులు కూడా ఇదే పాట పాడుతున్నారు. వాళ్ళకి మేం చెప్పేదొకటే. అయ్యా, మీ లెక్క తప్పు. ఆ తప్పు లెక్క మీకు నేర్పినవాడు వేరే ఉన్నాడు.

మేం బడిపంతుళ్ళం. మాలో చాలామందిమి మా ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ గడప తొక్కినవాళ్ళం. మేం పదో తరగతి పాసైననాడు "మీకు సైన్సెందుకురా, ఆర్ట్స్‌లో చేరండి" అన్నవాళ్ళున్నారు. నమ్మి చేరాం. మా చేత పలక పట్టించింది అంబేద్కర్, మా చేత స్టెతస్కోపు వదిలించింది ఆ ఒక్క మాట. అందుకే ఈ కాకిలెక్క మీద మాకింత కోపం.

మొదటి అబద్ధం: "మనకున్నది పదిహేను శాతమే."

కాదు. ఓపెన్ అంటే ఓసీ కాదు! ఓపెన్ అంటే అందరిదీ. ర్యాంకు వస్తే మన పిల్లకి ఓపెన్‌లోనే సీటివ్వాలి, దాన్ని మన పదిహేనులో కొయ్యకూడదు. 1992లో ఇందిరా సాహనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఓపెన్‌లో సీటు రాదగిన పిల్ల మంచి కాలేజీ కోసం రిజర్వేషన్ సీటు తీసుకున్నా, ఆ పిల్లను ఓపెన్ లెక్కలోనే చూడాలని 1996లో రితేశ్ సాహ్ కేసులో చెప్పింది. అది మెడికల్ సీట్ల కేసే. 2001లో మన రాష్ట్రంలో 550 జీవో వచ్చిందీ ఇందుకే. ఆ జీవో మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో తగాదాలు నడిచాయంటే ఆలోచించండి. మన పదిహేను ఓ ప్రహరీ అయిపోవాలని, మనం దాన్ని దాటి బయటికి రాకూడదని ఎవరికో ఎంత ఆశ!

రెండో అబద్ధం: "ఇన్ని మార్కులొస్తే సీటు, రాకపోతే లేదు."

మార్కులు చూసి పిల్లని ఏడిపించకండి. 2024లో 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు వచ్చినవాడికే 686. నిరుటి మార్కులు పట్టుకుని ఈ ఏటి పిల్లని తూస్తే తూకం తప్పుతుంది. చూడాల్సింది ర్యాంకు. అదీ ఊరికే కాదు. మన గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికొస్తాయి. ఆ ప్రాంతంలో, మన కేటగిరీలో, కిందటేడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో చూసి పక్కన పెట్టి పోల్చాలి. ఇంకోమాట. ఎస్సీలకి 40 పర్సెంటైల్ వస్తే నీట్‌లో అర్హత. అర్హత అంటే సీటు కాదు. ఈ తేడా చెప్పకుండా స్వీట్లు పంచి, నెల తర్వాత ఇంటిల్లిపాదీ కుమిలిపోవడం మేం చూశాం.

మూడో అబద్ధం: "ప్రైవేటు కాలేజీ అంటే కోట్లు."

మన రాష్ట్రంలో ప్రైవేటు మెడికల్ కాలేజీల్లోనూ సగం సీట్లు కన్వీనర్ కోటావే. వాటిలో మన రిజర్వేషన్ ఉంది, ఫీజు సర్కారు పెట్టిందే. కోట్లు కట్టేది మిగతా సగానికి. ఇది తెలియక ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు ఆ కాలేజీల పేర్లు వదిలేసి, వచ్చే సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

అబద్ధాల సంగతి అదీ. ఇప్పుడు దోపిడీ సంగతి వినండి.

2023లో రాజమండ్రి, ఏలూరుతో కలిపి అయిదు కొత్త సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచారు. ఒక్కోదానికి 150 సీట్లు. పండగ చేసుకున్నాం. అదే ఏడు 107, 108 జీవోలొచ్చాయి. అఖిల భారత కోటాకి 15 శాతం పోగా మిగిలిన సుమారు 127 సీట్లలో సగమే కన్వీనర్ కోటా. 35 శాతం సీట్లకి ఏడాదికి 12 లక్షలు. 15 శాతం ఎన్నారై సీట్లు, ఏడాదికి 20 లక్షలు. కన్వీనర్ సీటుకి 15 వేలు.

పలక తీసుకోండి. 127 సీట్లకీ రిజర్వేషన్ వర్తిస్తే మన పిల్లలకి 19 సీట్లు. 64కే వర్తిస్తే తొమ్మిదో, పదో. సగం మాయం! రాజ్యాంగం ఒక్క అక్షరం మార్చలేదు, రిజర్వేషన్ రద్దని ఎవడూ అనలేదు. సీటుకి ధర కట్టారు, అంతే. సర్కారు భూమి, సర్కారు గోడలు, మంచాల మీద రోగులు మనవాళ్ళు. అమ్ముకున్న సీట్లు మాత్రం లక్షలున్నవాళ్ళవి.

2024 ఎన్నికల ముందు ఈ జీవోలు రద్దు చేస్తామన్నారు. 2025 సెప్టెంబరులో ఏం చేశారు? పది కొత్త మెడికల్ కాలేజీలను ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాలని మంత్రివర్గం నిర్ణయించింది. ఆ పదిలో మన అమలాపురం ఉంది, మన పాలకొల్లు ఉంది. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మేలో అమలాపురంలో మంత్రి ఇల్లు తగలబెట్టారు. పేరు నిలబడింది. ఆ పేరున్న జిల్లాలో సర్కారు కాలేజీ మాత్రం సర్కారు చేతిలో నిలబడదా? జెండా ఏదైనా, గద్దె మీద ఎవరున్నా మన సీటు దగ్గరికొచ్చేసరికి అందరూ బేరగాళ్ళేనా?

అదే 2025లో మన పదిహేనుని 1, 6.5, 7.5 అని మూడు గ్రూపులు చేశారు. దాని మీద మనలో మనకి అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. ఆ తొమ్మిది పది సీట్ల దగ్గర మాల, మాదిగ, రెల్లి బిడ్డలు ఒకరి మొహం ఒకరు గుర్రుగా చూసుకుంటుంటే, వెనక 63 సీట్లు అంగట్లో పోతున్నాయి. ముందు అటు తిరగండి!

ఇక కోచింగ్. మన రాష్ట్రంలో 2017 నుంచి నీట్ ర్యాంకే దిక్కు. ఇంటర్ మార్కులకి విలువ లేదు. లాంగ్‌టర్మ్ అని ఏడాది, రెండేళ్ళు కూర్చోబెట్టగలిగినవాడిదే ర్యాంకు. ఆ ఫీజు కోసం కోనసీమ తల్లులు కువైట్ వెళ్ళి పరాయి ఇళ్ళల్లో అంట్లు తోముతున్నారు. తమిళనాడు అరియలూరు జిల్లా దళిత బిడ్డ అనితకి ప్లస్ టూలో 1200కి 1176 వచ్చాయి. నీట్ అడ్డంపడింది. 2017 సెప్టెంబరు 1న ఆ బిడ్డ ప్రాణం తీసుకుంది. మనకి అమరులు చాలు. బతికుండి మన ఊరి ఆసుపత్రిలో కూర్చునే డాక్టర్లు కావాలి. బిడ్డలారా, ఒక పరీక్ష మీ ఖరీదు కట్టలేదు.

తమిళనాడు ఊరుకోలేదు. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివిన పిల్లలకి మెడికల్ సీట్లలో 7.5 శాతం ఇస్తూ 2020లో చట్టం చేసింది. మన అసెంబ్లీకి చేతులు లేవా?

మేం అడిగేది: సర్కారు కాలేజీలో సీటు అమ్మకం ఆపాలి. ప్రతి సీటుకీ రిజర్వేషన్ వర్తించాలి. సర్కారు బడి పిల్లలకి కోటా ఇవ్వాలి. అమలాపురం, పాలకొల్లు కాలేజీలను సర్కారే కట్టి సర్కారే నడపాలి. ప్రతి గురుకులంలో లాంగ్‌టర్మ్ కోచింగ్ ఉచితంగా పెట్టాలి.

అడిగినంత మాత్రాన ఇవ్వరని మాకూ తెలుసు. కార్యకర్తలకి అందుకే పని చెబుతున్నాం. ఫలితాలొచ్చిన మొదటి ఆదివారం ప్రతి పేటలో అంబేద్కర్ విగ్రహం దగ్గర పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టండి. నిరుటి ర్యాంకుల కాగితం తెచ్చి బిగ్గరగా చదవండి. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అప్పటికే చేతిలో ఉన్నాయా చూడండి. ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక మేస్టారు పక్కన ఉండాలి. నెట్ సెంటరు కుర్రాడి చేతిలో పిల్ల బతుకు పెట్టకండి.

"సీటొస్తాదా మేస్టారూ?" అని అడిగే పిల్లకి జాలిగా చూడటం జవాబు కాదు. పలక తియ్యండి, లెక్క వెయ్యండి. తగ్గిన ప్రతి సీటూ ఎవరి జేబులోకి పోయిందో ఆ పిల్ల చేతే రాయించండి.

జై భీమ్!