మోకాళ్ళూ - ఫొటోలూ

ఈ వారం ఒక్క ఉత్తరానికే జవాబు వ్రాస్తున్నాను. తక్కిన పాఠకులు మన్నించాలి. ఈ ఉత్తరంలో ఉన్న చిక్కు ఇవాళ చాలా ఇళ్ళలో ఉన్నదే. వ్రాసిన ఇల్లాలు పేరూ ఊరూ వెయ్యవద్దన్నారు. సంగతి ఇది:

"మా అబ్బాయికి ఇరవైరెండేళ్ళు. రెండు నెలల క్రితం కబాడీ ఆడుతూ, పాదం నేలమీద బిగిసి ఉండగానే చటుక్కున పక్కకు తిరిగాడు. మోకాలు మెలిపడింది. మర్నాటికి వాచింది. ఎక్స్‌రే తీసి, ఎముకలన్నీ బాగున్నాయి, భయం లేదన్నారు. వాపు తగ్గింది గాని, అప్పుడప్పుడు కాలు సగం వంగి అక్కడే పట్టేస్తుంది. అటూ ఇటూ విదిలిస్తే గాని చాపుకోలేడు. పరీక్షలు తప్పించుకోవడానికి వేషాలంటారు మావారు. ఆయనకు యాభై ఎనిమిది. ఏ దెబ్బా తగలకుండానే ఏడాదిగా మోకాలు నొప్పి. ఎమ్.ఆర్.ఐ. తీయిస్తే 'గుజ్జు చిరిగింది' అని వచ్చింది. అది చూసిన దగ్గరనుంచి ఆయనకు నిద్రలేదు. అమ్మాయి పెళ్ళికని బ్యాంకులో వేసిన డబ్బు తీసి ఆపరేషన్ చేయించుకుంటానంటున్నారు. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు దిగులు కలిగింది ఫొటో బాగుందన్న మీ అబ్బాయి గురించే. ఫొటో బాగాలేదన్న మీవారి గురించి అంత దిగులు లేదు. ఇదేమి తలకిందుల మాట అనుకోకండి. ముందు మోకాలు ఎట్లా ఉంటుందో చూద్దాం.

తొడ ఎముక అడుగుభాగం రెండు గుండ్రని బుడిపెలుగా ఉంటుంది. దానికింద కాలి ఎముక పైభాగం ఇంచుమించు బల్లపరుపుగా ఉంటుంది. బల్లపరుపు నేలమీద గుండ్రని కుండ దొర్లకుండా నిలవాలంటే ఏం చేస్తారు? చుట్టకుదురు వేస్తారు గదా! మోకాలిలో కూడా రెండు బుడిపెలకింద రెండు చుట్టకుదుళ్ళున్నాయి. అయితే ఇవి పూర్తి చుట్టలు కావు, నెలవంకలాగా ఒకపక్క తెరిచి ఉంటాయి. వీటిని మెనిస్కస్ అంటారు. ఇవిగాక ఎముకల కొసలకు నున్నని పూత ఒకటున్నది. అది మృదులాస్థి. జనం ఈ రెంటినీ కలిపి 'గుజ్జు' అనేస్తారు. కాని అరిగేది ముఖ్యంగా ఆ పూత. ఆటల్లో కాలు మెలిపడితే చిరిగేది ఈ నెలవంక.

ఇక ఫొటోల సంగతి. 1895 లో జర్మనీలో రాంట్‌జెన్ శాస్త్రజ్ఞుడు తన భార్య చేతికి ఎక్స్‌రే తీశాడు. అందులో వేళ్ళ ఎముకలూ, వేలికున్న ఉంగరమూ స్పష్టంగా కనిపించాయి. కణుపుల మధ్యమాత్రం ఖాళీ! అక్కడ నిజంగా ఖాళీ లేదు, మృదులాస్థి ఉన్నది. ఎముకలోని సున్నం ఎక్స్‌రే కిరణాలను ఆపుతుంది. మృదులాస్థిలో అది లేదు కనుక కిరణాలు దూసుకుపోతాయి. ఈనాటికీ అంతే. మెనిస్కస్ నిలువునా చిరిగినా మామూలు ఎక్స్‌రేలో కనబడదు. "ఎముకలు బాగున్నాయి" అన్నమాట నిజమే. "మోకాలు బాగుంది" అని మాత్రం దానికి అర్థం కాదు.

ఎమ్.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలు లేవు. పెద్ద అయస్కాంతమూ, రేడియో తరంగాలూ ఉపయోగించి మన ఒంటిలోని నీటినీ కొవ్వునూ ఆధారం చేసుకొని బొమ్మ తీస్తారు. ఈ పద్ధతికి దారి చూపిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ గార్లకు 2003 లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ బొమ్మలో మెనిస్కస్ నల్లగా, ముక్కోణంగా కనిపిస్తుంది. చిరిగితే ఆ నలుపులో తెల్లని గీత పడుతుంది. లోపల తెల్లని మచ్చ ఉన్నంతమాత్రాన చిరుగు అనరు. ఆ గీత అంచుదాకా వచ్చి, ఒకటికి రెండు బొమ్మలలో అగపడితే అప్పుడు గట్టిగా చెబుతారు.

మీ అబ్బాయి విషయం చూడండి. కాలు మెలిపడటం, మర్నాటికి వాపు, మధ్యమధ్య కాలు పట్టేయడం. ఈ మూడూ కలిస్తే, చిరిగిన ముక్క తలుపు సందులో గుడ్డపేలిక ఇరుక్కున్నట్లు కీలులో ఇరుక్కుంటున్నదేమోనని అనుమానించాలి. అది వేషం కాదు. ఈసారి పట్టేసినప్పుడు బలవంతంగా లాగనివ్వకండి. ఆటలు మానిపించి, ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆయన కాలు వంచి, తిప్పి, మెల్లగా చాపి చూస్తారు. లివర్‌పూల్‌కు చెందిన మెక్‌మరే అనే డాక్టరు పేరుమీద ఉన్న పరీక్ష అది. తరవాత ఎమ్.ఆర్.ఐ. వ్రాస్తారు. ఇక్కడ ఆ ఖర్చు దండగ కాదు. మెనిస్కస్ వెలుపలి అంచుకే రక్తప్రసారం ఉన్నది. చిరుగు అక్కడుంటే కుట్టు వేసి అతికించవచ్చు. చిన్న వయసులో ముక్కను తీసేయడంకన్నా నిలబెట్టడం మేలు. ఆ కుదురు పోతే, పైనున్న బరువంతా నున్నని పూతమీద పడి అది త్వరగా అరుగుతుంది.

ఇక మీవారు. యాభై దాటిన మోకాలిలో చిరుగు అంటే చాలామందికి తలలో నెరసిన వెంట్రుకవంటిది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 50 మొదలు 90 ఏళ్ళ మధ్యవారు 991 మందికి ఎమ్.ఆర్.ఐ. తీసి, 2008 లో ఫలితం ప్రకటించారు. చిరుగు ఉన్నవాళ్ళలో నూటికి 61 మందికి అంతకుముందు నెలరోజుల్లో నొప్పిగాని, బిగుసుకోవడంగాని లేనేలేదు! కనుక చిరుగు కనబడినంతమాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పడానికి వీల్లేదు.

ఫిన్లాండులో ఇంకో అడుగు వేశారు. దెబ్బ తగలకుండా, వయసుతో వచ్చిన చిరుగున్నవారిని 146 మందిని తీసుకొని, సుమారు సగంమందికి చిరిగిన అంచు కత్తిరించారు. తక్కినవారికి లోపల గొట్టం పెట్టి చూసి, కత్తిరించినట్లు నటించి ఊరుకున్నారు. తమకు ఏది జరిగిందో రోగులకు తెలియదు. ఇందుకు వారు ముందే ఒప్పుకున్నారు. ఏడాది తరవాత చూస్తే రెండు జట్లకూ ఇంచుమించు ఒకేలాగ గుణం కనిపించింది. ఈ సంగతి 2013 లో వెలువడింది.

అందుచేత ఆ డబ్బు తీయడం ఇప్పట్లో వద్దనండి. డాక్టరుగారిని ఒక మాట అడగమనండి: "నిలబెట్టి ఎక్స్‌రే తీయించారా?" అని. పడుకోబెట్టి తీస్తే దాగే అరుగుదల, నిలబడి ఒంటిబరువు పడినప్పుడు ఎముకల మధ్య సందు తగ్గి బయటపడుతుంది. తరవాత మూడు నెలలు శ్రద్ధగా తొడ కండరాలకు వ్యాయామం చేయాలి. కుర్చీలో కూర్చుని కాలు చాపి కాసేపు నిలపడంతో మొదలుపెట్టి, ఫిజియోథెరపీ తెలిసినవారి సలహాతో పెంచుకోవాలి. పొట్ట కొంచెం తగ్గాలి. బాసింపట్టు మాని పీటబదులు కుర్చీ వేయండి. ఆయన కాలుకూడా పట్టేస్తున్నా, మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, అడుగు మోపలేకపోయినా అది వేరే సంగతి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

అబ్బాయిని ఎమ్.ఆర్.ఐ.కి తీసుకువెళ్ళేటప్పుడు ఉంగరం, గొలుసు, గడియారం ఇంట్లో పెట్టించండి. ఒంటిలో ఎక్కడైనా లోహపు ముక్కగాని, గుండెకు యంత్రంగాని ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. యంత్రం పెద్దచప్పుడు చేస్తుంది. అరగంట అటూ ఇటూగా కదలకుండా పడుకుంటే చాలు, నొప్పేమీ ఉండదు.

నేను మీ ఇంటి మోకాళ్ళను చూడలేదు, ఉత్తరం మాత్రమే చూశాను. చెయ్యి వేసి చూసిన డాక్టరు మాటే ఆఖరి మాట. అయితే ఆయన ఫొటోను మాత్రమే చూసి పంపబోతే, మోకాలుకూడా చూడమని మీరు అడగవచ్చు, తప్పులేదు. ముందుగా ఈ పేజీ మీవారికి చదివి వినిపించండి. తన చిరుగుకు పడ్డ భయంలో సగం అబ్బాయి మోకాలిమీద చూపితే, వచ్చేవారమే వాణ్ణి ఆయనే స్వయంగా డాక్టరు దగ్గరికి తీసుకువెళతారు.