మనోరోగి ప్రక్కన కూర్చునే వారెవరు?

తెలుగు పాఠం చెప్పుకునేవానికి మనోరోగుల పరిచర్యతో పనియేమి అని ఈ సంచిక తెరచిన వారికి సందేహం కలుగవచ్చును. నా సమాధానం ఒక మాటతోనే మొదలవుతుంది. రోగికి చేసే సేవను మనం 'శుశ్రూష' అంటాము. సంస్కృతంలో ఈ పదానికి ధాతువును బట్టి వచ్చే అర్థం 'వినవలెనను కోరిక'. గురువు మాట వినాలనే కోరిక గురుసేవ అయింది. అదే క్రమంగా రోగిసేవ కూడా అయింది. ఇదే కళాశాలలో ప్రక్క గదిలో చెప్పే ఉర్దూలో దీనికి 'తీమార్‌దారీ' అని పేరు. 'తీమార్' అనే పారశీక పదానికి రోగిసేవతోపాటు చింత, దుఃఖం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఒక భాష వినడమన్నది. మరొక భాష దుఃఖం పంచుకోవడమన్నది. కాలు విరిగినవానికి ఈ రెండూ లేకపోయినా ఎముక అతుకుకొనవచ్చును. మనస్సు చెదిరినవానికి మాత్రం ఈ రెండూ చికిత్సలో భాగమేనని డెబ్బది సంవత్సరాలుగా జరుగుతున్న పరిశోధన చెబుతున్నది.

పరిశోధన సంగతికి ముందు ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా అమ్మకు తమ్ముడొకాయన ఉన్నారు. మా తాతగారు బిట్రగుంట లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్లకు బొగ్గు వేసిన మనిషి. మామూకు ఇరువది రెండేండ్ల వయస్సులో నిద్ర పోయింది. రాత్రిపూట యార్డులో రైలు కూత వినిపిస్తే, అది తన పేరు పిలుస్తున్నదనేవారు. "సాయా పడింది" అన్నారు ఇంటి పెద్దలు. "గాలి సోకింది" అన్నారు ఎదురింటివారు. మాటలు వేరైనా భావం ఒక్కటే. తావీజులయ్యాయి, దర్గాలో నిద్రలయ్యాయి. చివరకు పెరటిలోని వేపచెట్టుకు గొలుసు వేశారు. ఆ గొలుసు వేసింది శత్రువులు కారు. ఆయనను ప్రాణంగా చూసుకునే మా అమ్మమ్మే. రైలు పట్టాల మీదికి పరుగెత్తే కొడుకును మరెట్లా కాపాడుకోవాలో ఆమెకు చెప్పినవారు లేరు. అప్పుడు నేను చిన్నపిల్లవాడిని. ఆ చెట్టు క్రిందికి అన్నం పళ్ళెం తీసుకువెళ్ళడం నా పని.

కడకు ఒక పట్టణంలోని ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి వైద్యులెవరో మామూకు గుర్తు లేదు. గుర్తున్నది ఒక నర్సు. ఆమె తమిళురాలు, తెలుగు అంతంతమాత్రం, ఉర్దూ అసలే రాదు. అయినా ప్రక్క మంచం రోగి తల్లిని అడిగి రెండు ప్రశ్నలు నేర్చుకున్నదట: "సోయే క్యా? ఖాయే క్యా?" నిద్రపోయారా, తిన్నారా - అంతే. ప్రతి ఉదయం ఆ రెండే ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చేదాకా స్టూలు మీద కూర్చునేదట. మూడవ వారంలో మామూ జవాబు చెప్పారు. మందు పనిచేయడం వల్లనే అప్పటికి నోరు పెగిలి ఉండవచ్చును, కాదనను. కాని జవాబు వినడానికి ఆ సమయానికి అక్కడ ఒక మనిషి ఉన్నదన్నది కూడా నిజమే కదా.

ఈ 'కూర్చుని వినడం' అనే పనిని శాస్త్రంగా మొదట నిరూపించిన వారిలో ముఖ్యురాలు అమెరికా దేశపు నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ. 1952లో ఆమె ప్రకటించిన గ్రంథానికి సారాంశం - నర్సుకూ రోగికీ మధ్య ఏర్పడే సంబంధమే పరిచర్యకు ప్రాణమని. అంతవరకు వైద్యుని ఆజ్ఞను అమలు జరిపే చేయిగానే నర్సును చూసిన లోకానికి ఇది కొత్త మాట. నిజానికి మనవారికి మరీ కొత్తది కాదు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మనోరోగులకు ప్రత్యేక విభాగముండేది. 1488లో తురుష్క సుల్తాన్ రెండవ బాయజీద్ ఎదిర్నే నగరంలో నెలకొల్పిన చికిత్సాలయంలో నీటి సవ్వడినీ, సంగీతాన్నీ రోగుల ఉపశమనానికి వాడేవారు. పూర్వుల గొప్ప చెప్పుకుని తృప్తిపడడానికి నేనీ మాట ఎత్తడం లేదు. ఎదిర్నే వారసులమని చెప్పుకునే మనమే వేపచెట్టుకు గొలుసు వేశామన్నది నా బాధ.

ఆ గొలుసు ఎంత దూరం పోగలదో 2001 ఆగస్టు 6వ తేదీన లోకం చూసింది. రామనాథపురం తీరాన ఏర్వాడి దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు మానసిక వసతిగృహాలలో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకున్నది. పాకలో రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పరుగెత్తలేక 28 మంది మరణించారు. దర్గా వారిని చంపలేదు, దువా చంపలేదు. డబ్బు తీసుకుని మనుష్యులను కట్టిపడవేసి, ప్రక్కన మరొక మనిషిని కూర్చోబెట్టని వ్యాపారం చంపింది. ఆ తరువాత సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు పూనుకున్నది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో బంధించరాదని 95వ సెక్షనులో స్పష్టంగా నిషేధించింది. చట్టం గొలుసును తీసివేయగలదు. గొలుసు చేసే పనిని, అనగా రోగి తనకు తాను హాని చేసుకోకుండా కాచే పనిని, తరువాత ఎవరు చేయాలి? ఇక్కడనే నర్సు కావలసి వస్తుంది.

బంధించకుండా కాపాడడం సాధ్యమా అని అడిగేవారికి ఇంగ్లండులో జరిగిన ఒక పరిశోధనను చూపుతాను. లెన్ బవర్స్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 15 ఆసుపత్రులలోని 31 మానసిక వార్డులలో 'సేఫ్‌వార్డ్స్' అనే పద్ధతిని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. అందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. రోగితో మాట్లాడేటప్పుడు మెత్తని మాట వాడడం. ఉద్రేకం వచ్చినవానిని మాటలతోనే చల్లబరచడం. చెడువార్త తెలియవలసి వచ్చినప్పుడు ముందే దగ్గర కూర్చుని చెప్పడం. నర్సులూ రోగులూ తమ ఇష్టాయిష్టాలు పరస్పరం తెలుపుకోవడం. నయమై ఇంటికి పోయేవాడు తరువాత వచ్చేవాని కోసం గోడమీద ఒక ధైర్యవాక్యం వ్రాసి పోవడం - ఇట్టివి పది. ఈ పద్ధతి పాటించిన వార్డులలో ఘర్షణలు నూటికి 15 వంతులు, బలవంతపు నిర్బంధాలు నూటికి 26 వంతులు తగ్గాయి. అక్కడ ఒక్కొక్క వార్డుకు ఉండే నర్సుల సంఖ్య మన వార్డులలో ఉండదు. కనుక అదే ఫలితం ఇక్కడ అంతే అంకెలలో వస్తుందని నేను హామీ ఇవ్వను. కాని మెత్తని మాటకు బడ్జెట్టు మంజూరు అక్కరలేదు.

మన దేశపు పరిశోధన మరొక దారి పట్టింది. వైద్యులు చాలరు, నర్సులు చాలరు. అటువంటప్పుడు ఊరిలోనివారికే శిక్షణ ఇస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. మద్రాసులో 1984లో ఆరంభమైన స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ వంటివి పాల్గొన్న ఒక పరీక్షలో - తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో 282 మంది రోగులతో - శిక్షణ పొందిన గ్రామస్థాయి కార్యకర్తలు ఇంటికి వెళ్ళి మందు సంగతి, పని సంగతి, కుటుంబం సంగతి చూసుకున్నారు. 2014లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆసుపత్రి చికిత్స మాత్రమే పొందినవారికంటె వీరిలో అశక్తత కొంత ఎక్కువగా తగ్గింది. అద్భుతమేమీ కాదు, 'కొంత'. ఆ 'కొంత' అన్న మాటలో నిజాయితీ ఉన్నది కాబట్టే నాకు నమ్మకం కలుగుతున్నది. మన పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాలలో ఆశా కార్యకర్తలకు చిన్న కంప్యూటరు పలకలిచ్చి, దిగులు, ఆందోళన ఉన్నవారిని గుర్తించే పని అప్పగించారు. అంతకుముందు నూటికి ఒకరైనా వైద్యం కోరని చోట, తరువాత పన్నెండు మందికి పైగా వైద్యుని దగ్గరకు వెళ్ళారు. మిగిలిన ఎనభై మందికి పైగా ఎందుకు వెళ్ళలేదన్నది మనం ఆలోచించవలసిన విషయం. భయమా, సిగ్గా, బస్సు చార్జీయా?

సిగ్గు సంగతి వచ్చింది కనుక ఒక మాట. తరగతిలో ఎవరైనా వింతగా మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపండి" అని నవ్వే అలవాటు మన విద్యార్థులలో ఉన్నది. నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు నవ్వినవాడినే, ఇంటిలో మామూను పెట్టుకుని కూడా. ఎర్రగడ్డ అనేది హైదరాబాదులో వేలమందికి నయంచేసిన ఆసుపత్రి ఉన్నచోటు. ఆ పేరు తిట్టుగా మారడంలో తప్పు ఆసుపత్రిది కాదు.

మామూ కథలో మిగిలిన భాగం కూడా చెబుతాను. ఆసుపత్రి నుండి చక్కగా వచ్చారు. నాలుగు నెలలకు మాత్రలు అయిపోయాయి. నయమైంది కదా, ఇంకెందుకన్నారు ఇంటిలో. మందు ఆపరాదని చెప్పడానికి, నెలకొకసారి గుమ్మంలోకి వచ్చి "సోయే క్యా?" అని అడగడానికి ఎవరూ లేరు. ఆరవ నెలలో మళ్ళీ రైలు కూత ఆయనను పేరు పెట్టి పిలిచింది. ఆసుపత్రి నుండి పంపేటప్పుడే తరువాతి చికిత్సకు ఏర్పాటు చేయాలని 2017 చట్టం 98వ సెక్షను చెబుతున్నది. కాగితం మీద ఉన్న ఆ ఏర్పాటుకు కాళ్ళు రావాలంటే ఊళ్ళు తిరిగే నర్సు కావాలి. 2017 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో భారతదేశంలో లక్షమందికి మనోరోగ నర్సులు ఒకరు కూడా లేరు: 0.8. నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ సర్వేకు ఎంచుకున్న పన్నెండు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ లేనేలేదు. మన దుఃఖం ఆ లెక్కలోకి కూడా ఎక్కలేదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన 14416 టెలీమానస్ నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడేవారున్నారు. విద్యార్థులు ఈ నంబరును తమ నోటుపుస్తకం అట్టమీద వ్రాసుకొనుట మంచిది, పరీక్షల నెలలో మరీ. కాని వేపచెట్టు క్రింద ఉన్నవాడు ఫోను చేయడు.

ఇప్పుడు మన కళాశాల సంగతి. మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంటర్మీడియట్ తరువాత నర్సింగు వైపు వెళ్ళడం కొత్తేమీ కాదు. గల్ఫు ఉద్యోగం ఆశ కొందరిది, కుటుంబభారం కొందరిది. రెండూ గౌరవనీయమైన కారణాలే. అయితే మానసిక విభాగం అనగానే తల్లిదండ్రులు వెనుకంజ వేస్తారు. "పిచ్చివాళ్ళ మధ్య పనిచేసే పిల్లను ఎవరు చేసుకుంటారు?" అని నా ముఖం మీదనే అడిగిన తండ్రి ఉన్నాడు. ఆయనకు నేను చెప్పిన జవాబు ఇది. బెంగుళూరులో మనోరోగ పరిచర్యకు ప్రత్యేక డిప్లొమా 1956లోనే ఆరంభమైంది. నేడు సాధారణ నర్సింగు ముగించినవారు ఒక్క ఏడాది అదనంగా చదివితే ఈ ప్రత్యేకత లభిస్తుంది, బి.ఎస్సీ. చేసినవారికి రెండేండ్ల ఎమ్మెస్సీ ఉన్నది. మన పిల్లలకు మరెవ్వరికీ లేని అర్హత ఒకటి పుట్టుకతోనే ఉన్నది. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు. మనస్సు చెదిరినవాడు నేర్చుకున్న భాషలో ఏడవడు, తల్లి భాషలో ఏడుస్తాడు. 'సాయా' అన్నా 'గాలి' అన్నా దాని వెనుక ఏ భయం ఉన్నదో నిఘంటువు చూడకుండా తెలిసిన నర్సు ఏ వార్డులోనైనా పది మందికి సమానం. ఆ తండ్రి ఒప్పుకోలేదు. కూతురు మాత్రం నా మాట శ్రద్ధగా విన్నది.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన జిల్లాలోనే అనుమసముద్రంపేట దర్గాకు హిందువులనక, ముస్లిములనక ఎందరో మనోవ్యాధిగ్రస్తులను తీసుకువస్తారు. వారి నమ్మకాన్ని ఎగతాళి చేసే చదువు నాకు అక్కరలేదు. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా వద్ద 2008 ప్రాంతం నుండి ఒక పద్ధతి నడిచింది: ముజావర్లకే రోగలక్షణాలు గుర్తుపట్టే శిక్షణ ఇచ్చారు, దువా ముగిశాక దవా కోసం ప్రక్కనే ఉన్న చికిత్సాకేంద్రానికి వారే పంపుతారు. దువా మానమని ఎవరూ అనలేదు, కాబట్టి దవా మానేవారు తగ్గారు. మన దగ్గర అంత పెద్ద కేంద్రం ఇప్పుడే రాకపోవచ్చును. గురువారం రాత్రి నిద్రలకు జనం చేరే వేళకు ఒక కుర్చీ, ఒక రిజిస్టరు, రెండు భాషలు తెలిసిన ఒక నర్సు - జిల్లా ఆరోగ్యాధికారులను ఇంతవరకే అడుగుదాము. ఆ విన్నపపత్రాన్ని తెలుగులో నేను వ్రాశాను, ఉర్దూలో మా ఉర్దూ ఉపన్యాసకులు వ్రాశారు. రెండు ప్రతులూ కార్యదర్శిగారి బల్లమీద సంతకానికై ఉన్నవి.