చెవిఫోనుల వెలయు మరమ్మతును

అజీజ్‌నగరు పరిసరములందు ఇయర్‌ఫోను చెడినప్పుడెల్ల “ఇది చైనా సరకు, ఇంతే” యని పాఱవేయుట వాడుకయైనది. ఈ మాట న్యాయమైనదిగా మాకు తోచదు. తయారైన దేశమును బట్టి వస్తువు గుణమును నిర్ణయింపరాదు.

ఒకరు నమూనా గీయుటయు, వేఱొకరు కూలికి చేసిపెట్టుటయు క్రొత్త సంగతి కాదు. 1902లో గౌహర్ జాన్ కలకత్తాలో పాడిన పాటలను లండను కంపెనీవారు పట్టి, జర్మనీలోని హానోవరులో రికార్డులుగా అచ్చొత్తించి, మరల మన దేశమునకు తెచ్చి విక్రయించిరి. 1908లో సీల్డాయందు కర్మాగారము వెలసిన పిమ్మటనే ఆ పని ఇచ్చట సాగినది. నేడు చక్రము తిరిగినది. మన రంగారెడ్డి జిల్లాలోని కొంగరకలాన్‌లో 2023లో తైవాను దేశపు ఫాక్స్‌కాన్ వారి కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. 2025లో అచ్చట అమెరికా కంపెనీయగు ఆపిల్ వారి ఎయిర్‌పాడ్స్ తయారుచేయ మొదలిడిరి. చైనాలో చేసినవానికంటె ఇవి హీనమని ఎవరనగలరు?

పని అప్పగించినవా రేమి కోరుదురో అదియే తయారగును. అయస్కాంతమెంత బలమైనది, తీగె యెంత లావు, కుడియెడమల ధ్వని సమానముగా నున్నదో లేదో ఎన్నింటిని పరీక్షింపవలెను, ఇవన్నియు ముందుగనే నిర్ణయమగును. వెల తగ్గింపుమని పట్టుబట్టినచో తగ్గునవియు ఇవియే. డబ్బామీది పేరుమాత్రము తళతళలాడుచునే యుండును!

ఇట్లు పెద్దయెత్తున చేయించుటచే వెలలు తగ్గినమాట నిజము. ఒకప్పుడు ఇంటికి రేడియో వచ్చుట శుభకార్యమువంటిది. దానికి లైసెన్సు రుసుమును చెల్లింపవలసి యుండెను. నేడు పేదవాని బిడ్డయు చెవిలో పాఠము వినగలుగుచున్నాడు. దీనిని మేము నిందింపము.

మా యాక్షేపణ వేఱు. ఆ పాత రేడియోను నాలుగు మరలు విప్పిన లోపలి భాగములన్నియు కనబడెడివి. బజారులోని మరమ్మతువాడు వాల్వు మార్చియో, టంకము వేసియో మరల పలికించెడివాడు. నేటి తీగెలేని ఇయర్‌ఫోనులు జిగురుతో మూయబడినవి. లోని చిన్న బ్యాటరీ కొన్నియేండ్లకు సత్తువ కోల్పోయినచో, స్పీకరు చక్కగా నున్నను మొత్తము పాఱవేయవలసినదే. వేల రూపాయల ఎయిర్‌పాడ్స్‌కును ఈ గతి తప్పదు. క్రొత్తది చేయించుట చౌకయై, పాతది బాగుచేయుట ప్రియమగుటచే, విప్పదగిన వస్తువు చేయవలెనను తలంపే కంపెనీలవారికి లేకపోయినది. నాలుగువందల జత ఆఱునెలలకొకటి చెడినచో ఐదేండ్లకు నాలుగువేలు! అది చౌక యెట్లగును?

మన ప్రభుత్వమువారు 2022లో మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టలు తెఱచిరి. మంచిదే; కాని అది చాలదు. దిగుమతి సరకుపై తయారైన దేశము పేరుండవలెనని నియమము కలదు. బ్యాటరీ మార్చవీలగునా, విడిభాగము లెన్నియేండ్లు దొరకును అనునదియు డబ్బామీద అచ్చొత్తవలెనని మేము కోరుచున్నాము.

ఈలోగా పాఠశాలకు మైకుసెట్టు కొనునప్పుడు అధికారులీ ప్రశ్నలను కొట్టువానినే అడుగవచ్చును. చెడిన తీగె ఇయర్‌ఫోనులను తలిదండ్రులు భౌతికశాస్త్ర ప్రయోగశాలకు పంపినచో, విద్యార్థులు వానిని విప్పి, సన్నని తీగెచుట్టను, దానిచెంతనున్న అయస్కాంతమును కన్నులార చూడగలరు. బ్యాటరీ గలవానిని మాత్రము పంపవలదు. అవి పొడిచినచో మండును.