గొంతునొప్పియు మందుబిళ్ళయు

వానలు పట్టినది మొదలు గొంతునొప్పి మన తరగతులకు చుట్టమై వచ్చును. దివిసీమ పల్లెలనుండియు గుడివాడ ప్రాంతమునుండియు బందరు వచ్చి, వసతిగృహములలో ప్రక్కప్రక్కనే పరుండు పిల్లలకు ఇది సులభముగా నంటుకొనును. అప్పుడు పెద్దలేమి చేయుచున్నారు? వైద్యుని చీటీ లేకయే మందులకొట్టులో నాలుగు బిళ్ళలు కొని, రెండుదినములు మ్రింగించి, జ్వరము తగ్గగానే తక్కినవానిని మరొకమాటుకు దాచుచున్నారు. ఈ యలవాటు మానవలసినదని మా యభిప్రాయము.

గొంతునొప్పులలో హెచ్చుభాగము వైరసులవలన కలుగును. జలుబు, దగ్గు తోడైనచో తరచుగా నట్టిదే. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఉప్పునీటి పుక్కిలింతయు విశ్రాంతియు చాలును. స్ట్రెప్టోకాకస్ అను క్రిమి సంగతి వేరు. దగ్గు లేకయే హఠాత్తుగా జ్వరము తగిలి, మ్రింగుట కష్టమై, మెడలో బిళ్ళలు కట్టినచో వైద్యుని చూడవలెను. గొంతులోని తడిని పరీక్షించినగాని నిశ్చయము తెలియదు.

ఈ క్రిమిని చులుకన సేయరాదు. గొంతు తనంతట మానినను, రెండు మూడు వారములకు కొందరు పిల్లలకు, ముఖ్యముగా 5 మొదలు 15 ఏండ్లవారికి, రుమాటిక్ జ్వరము వచ్చి కీళ్లు వాచును. గుండె కవాటములు చెడినచో బ్రతుకంతయు బాధయే. దీనిని తప్పించుటకు పెన్సిలిన్ గాని అమాక్సిసిలిన్ గాని సాధారణముగా 10 దినములు పూర్తిగా వాడవలెను. ఆ మందు పడనివారు ముందే వైద్యునితో చెప్పవలెను.

1928లో పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగు 1945లో నోబెల్ ఉపన్యాసమున ఒక కల్పితకథ చెప్పెను. గొంతునొప్పిగల యొకడు చాలీచాలని మందు పుచ్చుకొనగా, మొండికెక్కిన క్రిమి భార్యకు సోకి ఆమె మరణించెనట. అదృష్టవశమున స్ట్రెప్టోకాకస్ నేటికిని పెన్సిలిన్‌కు లొంగుచున్నది. కాని ఇతర క్రిము లనేకములు మందులకు లొంగకున్నవి. భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాధిపత్యమున 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. అట్టివారి శ్రమఫలమును మనము దుర్వినియోగము చేయుట తగునా?

తల్లిదండ్రులారా! ఎర్రగీత గల మందుపట్టీని వైద్యుని చీటీ లేక కొనకుడు. మిగిలిన బిళ్ళలను వేరొక బిడ్డ కీయకుడు. విద్యార్థులారా! నొప్పి దాచి తరగతికి రాకుడు. మందు మొదలిడి ఒక దినమైనను గడచి, జ్వరము విడిచిన పిమ్మటనే రండు. పోయిన పాఠము మరల నేర్పగలము. చెడిన గుండెను మరల నీయజాలము.